బాన్సువాడ నుంచి మోటుపల్లి తీరానికి

సముద్రం చూడని వాళ్లు బాన్సువాడలో ఇప్పుడు తక్కువే. విశాఖకో, పూరీకో, రామేశ్వరానికో ఒకసారి వెళ్లే ఉంటారు. బస్సు దిగడం, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు దిగడం, కాల్చిన మక్కకంకి తినడం, చీకటి పడేలోగా మళ్లీ బస్సెక్కడం. అదే సముద్రం పక్కన రెండు రోజులు నడిచి, రాత్రి అక్కడే పడుకుని రండి అంటే మాత్రం "మనతోని అయ్యే పనేనా?" అంటారు. డబ్బు లేదంటారు, సెలవు లేదంటారు. కాసేపు మాట్లాడనిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. తెలియని నీళ్లు, తెలియని ఊరు, తెలియని మనుషులు. ఏమన్నా అయితే?

ఈ అధ్యాయమంతా ఆ "ఏమన్నా అయితే?" అనే ప్రశ్న గురించే. రెండు రోజుల నడక, ఒక రాత్రి పడక, మనిషికి రెండున్నర వేల రూపాయల ఖర్చు. ఇది చేసి రావడానికి కావాల్సిన వివరాలన్నీ కింద ఉన్నాయి. వాటికన్నా ముందు ఒక పాత సంగతి తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ నడక చివర మనం చేరబోయేది ఆ సంగతి జరిగిన చోటికే.

ఓరుగల్లు రాజు తీసేసిన భయం

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి అనే చిన్న ఊరుంది. కాకతీయుల కాలంలో అది పేరున్న రేవు. మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది దీని గురించేనని చరిత్రకారులు చెబుతారు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఇక్కడ ఒక శాసనం వేయించాడు. దానికి అభయశాసనమని పేరు.

అంతకుముందు తీరాన్ని ఏలిన రాజులకు ఒక అలవాటు ఉండేది. గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలో సరుకంతా తమదేనని లాక్కునేవారు. సముద్రం మింగకుండా మిగిల్చింది కూడా ఒడ్డున పోయేది. గణపతిదేవుడు ఆ పద్ధతిని ఎత్తేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని రాతి మీద చెక్కించాడు. గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, పగడం, మిరియాలు, దేనికి ఎంత సుంకమో కూడా రాయించాడు.

ఆ రాయి వేసిన తర్వాత కూడా తుఫాన్లు వచ్చాయి, ఓడలు దారి తప్పాయి. వర్తకుడికి మారింది ఒక్కటే. ఒడ్డున తన దగ్గర ఎంత తీసుకుంటారో బయల్దేరకముందే తెలిసింది. ఎంత పోతుందో తెలిసినవాడు లెక్క వేసుకుంటాడు, లెక్క కుదిరితే బయల్దేరతాడు. అది తెలియనివాడు రేవులోనే కూర్చుని సముద్రాన్ని తిడతాడు.

మన పని కూడా అంతే. సముద్రాన్ని మార్చలేం. మన హద్దుల్ని మాత్రం ఇంట్లో కూర్చుని, చల్లటి బుర్రతో, ముందే రాసుకోగలం. ధైర్యం కావాలంటే గుండె గట్టి చేసుకోవాలని పెద్దలంటారు. నా సలహా వేరు. కాగితం, కలం తీసుకోండి.

ముందుగా, మన చేతిలో లేనివి

కాలం: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం నమ్మదగింది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మార్చి దాటితే ఎండ, ఉక్క. మనకు అనువైనది సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా. నిజాంసాగర్ ఆయకట్టులో యాసంగి నాట్లు ముగిసి చేతికి కాస్త తీరిక చిక్కేదీ అప్పుడే. శని ఆదివారాలకు దూరంగా ఉండండి. సూర్యలంక, వాడరేవు, రామాపురం తీరాలకు జనం పోటెత్తే రోజులవి. ప్రశాంతత కావాలంటే మంగళవారం బయల్దేరండి.

వాతావరణ సూచన కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. దేశం మొత్తానికీ అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. బయల్దేరే ముందు మూడు రోజులూ దాని సూచనలు, వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే, అది ఒకటో నంబరైనా సరే, ప్రయాణం వాయిదా.

ఆటుపోట్లు: రోజుకు రెండుసార్లు నీరు పైకొస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఈ రోజు పొద్దున ఆరింటికి పోటు వస్తే రేపు దాదాపు ఆరు యాభైకి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పెద్ద పోట్లు, అష్టమి దగ్గర చిన్నవి. అంటే గోడకున్న తెలుగు క్యాలెండరే మీకు సగం దారి చూపుతుంది. సప్తమి నుంచి దశమి మధ్య రోజులు ఎంచుకుంటే కొత్తవాళ్లకు సులువు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ ఆటుకూ పది మీటర్ల తేడా ఉంటుంది. మన దగ్గర మీటరుకు అటూ ఇటూ. అయినా తేలిగ్గా తీసుకోకూడదు. తీరం చదునుగా ఉన్నచోట మీటరు ఎత్తు పెరిగిన నీరు చాలా దూరం లోపలికి పాకుతుంది.

ఎండ: ఇసుక మీద నీడ ఉండదు. తెల్లవారుజామున బయల్దేరి, పొద్దున పదింటికల్లా మొదటి విడత ముగించాలి. మళ్లీ మూడున్నర తర్వాతే అడుగు కదపాలి. మధ్యలో ఊళ్లో చెట్టు కిందో, గుడి అరుగు మీదో ఉండాలి.

బాన్సువాడలోనే సాధన

సముద్రం దగ్గర లేదని సాధన మానక్కర్లేదు. నాలుగు వారాలు చాలు.

మొదటి వారం నిజాంసాగర్ ప్రధాన కాలువ గట్టు మీద ఆరు కిలోమీటర్లు, చేతులూపుకుంటూ. రెండో వారం అదే గట్టు మీద పది కిలోమీటర్లు, వీపున అయిదు కిలోల సంచితో. మూడో వారం మంజీర ఇసుకలో. మెత్తటి ఇసుకలో గంటకు రెండున్నర, మూడు కిలోమీటర్లు దాటవని, పిక్కలు త్వరగా పట్టేస్తాయని అక్కడే తెలుసుకోవడం మంచిది. పైనుంచి నీళ్లు వదిలే రోజుల్లో నది దగ్గరికి పోవద్దు. మంజీర మొసళ్లున్న నది కూడా. సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యానికి పేరొచ్చిందే వాటి వల్ల. కాబట్టి నది సాధన పట్టపగలు, నీటి అంచుకు దూరంగా, తోడుతో. నాలుగో వారం రాత్రి పడక సాధన. ఎక్కడికో పోనక్కర్లేదు, మీ పొలం దగ్గరో ఇంటి డాబా మీదో టార్పాలిన్ కింద పడుకోండి. ఏ వస్తువు తక్కువైందో, ఏది అనవసరంగా మోశారో ఆ ఒక్క రాత్రే చెబుతుంది.

వీలుంటే ఒక పొద్దున నిజాంసాగర్ ఆనకట్టకు పోయి రండి. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన కట్టడం. కట్ట దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు. అంత నీటి పక్కన గాలికి ఎదురు నడవడం అలవాటవుతుంది. ఆ నీళ్లను నమ్ముకునే కోస్తా జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బాన్సువాడ చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. మీ స్నేహితుల్లోనో వియ్యాలవారిలోనో చీరాల, బాపట్ల, తెనాలి వైపు చుట్టాలున్నవాళ్లు తప్పక దొరుకుతారు. వాళ్ల ఫోన్ నంబరు ఒకటి రాసి పెట్టుకోండి. తీరంలో అవసరమైతే గంటలో వచ్చే మనిషి ఒకరున్నారంటే మీ ఇంట్లోవాళ్లు కూడా నిశ్చింతగా ఉంటారు.

సంచిలో ఏముండాలి

మీ బరువులో పదో వంతు దాటొద్దు. నీళ్లతో కలిపే ఈ లెక్క.

గుడారం తప్పనిసరి కాదు. చవకరకం ఇద్దరు పట్టేది రెండు మూడు వేలకు వస్తుంది. కొనే ముందు ఎవరినైనా అరువడగండి. ధాన్యం ఆరబోసే టార్పాలిన్‌లో ఒక ముక్క, నైలాన్ తాడు, దోమతెర, పలచటి దుప్పటి ఉంటే జనవరి రాత్రి గడిచిపోతుంది. తీరంలో మంచు బాగా కురుస్తుంది కాబట్టి పైన కప్పు మాత్రం ఉండాలి. గుడారం మేకులు ఇసుకలో నిలవవు. నాలుగు ఖాళీ ఎరువుల సంచులు పట్టుకెళ్లండి. వాటిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టండి. రాత్రి గాలికి కదలదు.

కాళ్లకు పాత బూట్లు, రెండు జతల సాక్సులు, కొత్త బూట్లు వద్దు. తడి ఇసుక, ఉప్పు కలిసి వేళ్ల మధ్య ఒరిపిడి పుట్టిస్తాయి. పొద్దున కొబ్బరినూనె రాసుకుని సాక్సులు వేసుకోండి, మధ్యాహ్నం మార్చండి. ఉత్త కాళ్లతో నడవాలనిపిస్తుంది. గాలం ముళ్లు, గాజు పెంకులు, చేపల ముళ్లు ఇసుకలో ఉంటాయి, ఊళ్ల దగ్గర ఆ సరదా వద్దు.

తిండికి సద్ది కట్టుకోండి. జొన్నరొట్టె మొదటి రోజు దాకా, సర్వపిండి రెండో రోజు దాకా, పల్లిపట్టి, సత్తుపిండి ఎన్ని రోజులైనా. పొయ్యి మోసుకెళ్లొద్దు. సరుగుడు తోటల్లో ఎండుటాకు మందంగా పరచుకుని ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. వేడి అన్నం కావాలంటే పల్లెలో డబ్బిచ్చి వండించుకోండి. మీకు చేపల కూర దొరుకుతుంది, వాళ్లకు నాలుగు రూపాయలు మిగులుతాయి.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు వీపున ఉండాలి. ఊరొచ్చిన ప్రతిసారీ నింపుకోవాలి. ఈ తీరంలో రైతులు ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంటలు కనిపిస్తాయి. వాటిని దొరువులంటారు. అడుగున ఉప్పునీరు, దాని పైన తేలే పలచటి మంచినీటి పొర. ఆ పొరను కదిలించకుండా తోడుకుని కూరగాయలు, వేరుశనగ పండిస్తారు. దొరువులో కాళ్లు కడగడం, సబ్బు వాడటం ఆ ఇంటి అన్నంలో మన్ను పోయడమే.

డబ్బు లెక్క

బాన్సువాడ నుంచి సికింద్రాబాద్ జేబీఎస్‌కు బస్సు. ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం కింద ఎక్స్‌ప్రెస్ బస్సులో ఛార్జీ లేదు, మిగతావాళ్లకు రెండు మూడు వందలు. సికింద్రాబాద్ నుంచి విజయవాడ, తెనాలి మీదుగా చెన్నై, గూడూరు వైపు పోయే రాత్రి రైళ్లు చూడండి. చీరాలలో ఆగేది ఎంచుకోండి. స్లీపర్ టికెట్ మూడు వందల చుట్టుపక్కల. చీరాల నుంచి వాడరేవుకు షేర్ ఆటో.

రాను పోను ప్రయాణం పన్నెండు వందలు, మూడు రోజుల తిండి ఆరు వందలు, నీళ్లు, ఆటోలు, చిల్లర ఖర్చులు రెండు వందలు. మొత్తం రెండు వేలు. దీనికి పైన అయిదు వందలు విడిగా, వేరే జేబులో. ఆ నోటు లాడ్జి గది కోసమో, ఆసుపత్రికి ఆటో కోసమో, మధ్యలోనే వెనక్కి వచ్చే టికెట్ కోసమో. జీడిపప్పు కొనడానికి కాదు. ఆ దారిలోనే ఉన్న వేటపాలెం జీడిపప్పుకు పేరు మోసింది కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

పొదుపంటే ప్రతి చోటా బేరమాడటం అనుకుంటారు. మూడు రూపాయల దగ్గర జాలరితో వాదించి, రాత్రి భయపడి వెయ్యి రూపాయల గది తీసుకునేవాళ్లున్నారు. ఖర్చు పెరిగేది ఎక్కువగా ఆఖరి నిమిషపు గాభరా వల్లే. అది లేకుండా చేసుకోవడమే అసలైన పొదుపు.

దారి

వాడరేవు దగ్గర మొదలుపెట్టి దక్షిణంగా, సముద్రాన్ని ఎడమ చేతి పక్కన పెట్టుకుని నడవండి. కఠారివారిపాలెం, పొట్టిసుబ్బయ్యపాలెం, రామాపురం వంటి జాలరి పల్లెలు ఈ వరుసలోనే ఉంటాయి. రామాపురం దగ్గర రిసార్టులు, వాటి జనం. అది దాటితే పలచబడుతుంది. మోటుపల్లి దాకా పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ. అలవాటున్నవాళ్లు ఒక్క రోజులో ముగించగలరు. మీరు రెండు రోజులు తీసుకోండి. ఉత్తరం వైపు సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది, అటు ఇష్టం వచ్చినట్టు నడవడానికి ఉండదు. అందుకే దక్షిణం.

నడవాల్సింది అల వచ్చి వెళ్లిన తడి ఇసుక మీద. అది గట్టిగా ఉంటుంది. పోటు పైకొచ్చిన వేళ గట్టి ఇసుక మునిగిపోయి మెత్తటి పొడి ఇసుకే మిగులుతుంది. కాబట్టి పొడవైన విడతను ఆటు సమయానికి పెట్టుకోండి. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ కిందికి పడుతుంది. గంట నడిచాక తుంటి, మోకాలు నొప్పి మొదలయ్యేది అందుకే. అరగంటకోసారి పైకెక్కి చదును నేల మీద కాసేపు నడవండి.

కాలువలు, మురుగు పాయలు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఈ నడకలో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు అదే. పొద్దున మోకాలి లోతున్న మొగ పోటు వేళకు నడుం దాటొచ్చు, అడుగున ఇసుక జారిపోతూ ఉంటుంది. పక్కనున్న జాలర్లను అడగకుండా దిగొద్దు. వాళ్లు వద్దంటే రోడ్డు వంతెన దాకా చుట్టు తిరిగి పోండి. రెండు కిలోమీటర్లు ఎక్కువ నడిస్తే పోయేదేమీ లేదు.

మోటుపల్లి చేరాక వీరభద్రస్వామి గుడికి వెళ్లండి. గణపతిదేవుడి మాట చెక్కిన రాయి అక్కడిదే.

అడగడం నేర్చుకోండి

తీరం ఎవరిదీ కాదని నడిచేవాళ్లు అనుకుంటారు. పడవ ఎక్కడ ఎక్కించాలో, వల ఎక్కడ ఆరబెట్టాలో, ఏ పాలెం హద్దు ఎక్కడిదో అక్కడివాళ్లకు స్పష్టంగా తెలుసు. పైగా 2008 ముంబై దాడుల తర్వాత తీరమంతటా గస్తీ పెరిగింది, మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయి. కొత్త మనుషులు రాత్రి ఇసుకలో పడుకుంటే అనుమానం రావడం సహజం. ఆధార్ కార్డు నకలు దగ్గరుంచుకోండి. దగ్గరి స్టేషన్‌లో పేర్లు చెప్పండి. సాయంత్రం నాలుగింటికల్లా పల్లె చేరి పెద్దమనిషిని అడగండి. మాట ఇలా సాగితే చాలు:

"నమస్తే పెద్దాయనా. మేం నిజామాబాద్ వైపు, బాన్సువాడ నుంచి వచ్చినం. మోటుపల్లి దాకా నడుస్తున్నం. రాత్రి ఇక్కడ పడుకోవచ్చునా?"

"ఎంతమందయ్యా?"

"నలుగురం. మందు తాగే అలవాటు ఎవరికీ లేదు. మంట పెట్టం. పొద్దున్నే లేచి పోతం."

"ఆ పడవల కాడ పడుకోబాకండి. తెల్లారగట్ల రెండింటికి మావాళ్లు దించుతారు. రామాలయం పక్కన పడుకోండి, బోరింగు ఉంది. నీళ్లలోకి మాత్రం దిగబాకండి."

ఈ సంభాషణలో మన వైపు నుంచి పోయిన సమాచారం చూడండి. ఎక్కడివాళ్లం, ఎందుకొచ్చాం, ఎంతమందిమి, ఏం చేయం, ఎప్పుడు పోతాం. అవతలి మనిషికి రావాల్సిన అనుమానాలన్నిటికీ అడగకముందే జవాబు దొరికింది. మోటుపల్లి రాయి చేసిన పనే ఇది. మన షరతులు మనమే ముందు చెప్పేశాం. అనుమతి దొరకకపోతే నమస్కారం పెట్టి, ఆటో ఎక్కి, చీరాలలో చవక లాడ్జి చూసుకోండి. విడిగా దాచిన అయిదు వందలు అందుకే. ఆడపిల్లలు మాత్రమే ఉన్న బృందమైతే ఈ మొదటి నడకకు పగలు తీరం, రాత్రి లాడ్జి లేదా చుట్టాల ఇల్లు అని ముందే నిర్ణయించుకోండి. నడకలోని సుఖం ఏమీ తగ్గదు.

రాత్రి

పడక ఎక్కడ వేయాలో ఇసుకే చెబుతుంది. నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పడి ఉంటాయి. గడిచిన పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. దానికి బాగా పైన, ఇసుక తీగలు, రావణుడి మీసాల గడ్డి మొలిచిన దిబ్బలకు వెనక ఉండండి. ఆ మొక్కలను పీకొద్దు, దిబ్బను పట్టి ఉంచేవి అవే.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వందకు అటూ ఇటూ గుడ్లుంటాయి. ఈ జాతికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. తెల్లని వెలుతురు తల్లిని వెనక్కి తిప్పేస్తుంది, పిల్లలను దారి తప్పిస్తుంది. టార్చికి ఎర్రటి బట్ట చుట్టండి. ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ కనిపిస్తే దూరంగా జరగండి. ఫొటో వద్దు.

అర్ధరాత్రి దాటాక గాలి దిశ మారుతుంది. పగలు సముద్రం నుంచి నేలకు వీచిన గాలి రాత్రి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. మీ కప్పు తెరిచి ఉన్న వైపు అది దృష్టిలో పెట్టుకోండి.

ఆగే గీతలు

వాడరేవు, రామాపురం, సూర్యలంక తీరాల్లో ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా మునిగి చనిపోయారు. పోలీసులు కొన్నిసార్లు సముద్ర స్నానాలను పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. చెరువులో, కాలువలో నేర్చిన ఈత సముద్రంలో పనికిరాదు. ఒడ్డుకు కొట్టిన నీరంతా ఎక్కడో ఒకచోట పాయలా వేగంగా వెనక్కి పోతుంది, మనిషిని లోపలికి లాగేది అదే. దానికి ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే పాయలోంచి బయటపడతారు. ఇది తెలిసినా సరే, మన గీత మోకాలు. దానికి మించి దిగేది లేదు.

ఇలాంటి గీతలన్నీ ఇంట్లోనే గీయాలి. తీరం చేరాక, అలసిపోయి, స్నేహితుడు "ఇంకొంచెం రా" అంటున్నప్పుడు తీసుకునే నిర్ణయం మీది కాదు. అది అలసటది, మొహమాటానిది. బయల్దేరే రెండు రోజుల ముందు నలుగురూ కూర్చుని ఒక కాగితం మీద ఇవి రాయండి. దానికి అభయపత్రమని పేరు పెట్టుకోండి.

1. ఏ హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకుంటాం?
2. పొద్దున ఎన్నింటికి ఆపుతాం, సాయంత్రం ఎన్నింటికల్లా పల్లె చేరతాం?
3. నీళ్లలో ఎంత లోతు దాకా?
4. మొత్తం ఎంత ఖర్చు పెడతాం, విడి సొమ్ము ఎవరి జేబులో?
5. ఎవరికి జ్వరం వచ్చినా, కాలు బొబ్బలెక్కినా ఏం చేస్తాం? (నలుగురూ వెనక్కి. ఒక్కరిని పంపడం ఉండదు.)
6. ఇంటికి ఎన్నింటికి ఫోన్ చేస్తాం, రాకపోతే వాళ్లు ఎవరికి చెప్పాలి? (అత్యవసరానికి 112, సముద్రంలో ప్రమాదమైతే తీర రక్షక దళం 1554.)

నలుగురూ సంతకం చేయండి. ఒక నకలు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. దారిలో ఈ పత్రాన్ని కఠినం చేయడానికి ఎవరికైనా హక్కుంది, సడలించడానికి ఎవరికీ లేదు. ఆ ఒక్క నియమం ఉంటే చాలు, దారిలో గొడవలు ఉండవు. ఎవరు పిరికివాడు, ఎవరు ధైర్యవంతుడు అనే చర్చే రాదు.

తీరం దాటిన పాఠం

మీరు గమనించే ఉంటారు. ఈ పత్రంలో సముద్రం పేరు తీసేసి చూస్తే, జీవితంలో వాయిదా వేసిన చాలా పనులకు ఇది సరిపోతుంది. బస్టాండ్ దగ్గర చిన్న దుకాణం పెట్టాలని ఉంటుంది. ఎన్ని నెలలు నష్టం భరిస్తాను, ఎంత సొమ్ము పోయాక ఆపేస్తాను అని రాసుకోకుండా మూడేళ్లు ఆలోచిస్తూ కూర్చుంటారు. నాలుగెకరాలు కౌలుకు తీసుకోవాలని ఉంటుంది. ఒక పంట పోతే ఏంటి, రెండు పోతే ఏంటి అన్నది తేల్చుకోకుండా మొదలుపెట్టి అప్పుల్లో పడతారు. మొదటివాడు హద్దు లేక కదలలేదు, రెండోవాడు హద్దు లేక ఆగలేదు. ఇద్దరికీ లోపించింది ఒకే కాగితం.

రెండు రోజుల నడక ఈ అలవాటును చవకగా నేర్పుతుంది. తప్పు జరిగితే పోయేది ఒక టికెట్టు, రెండు బొబ్బలు. దుకాణంలోనో కౌలులోనో నేర్చుకుంటే ఖర్చు వేరు.

ఈ పుస్తకం పక్కన పెట్టే ముందు ఒక పని చేయండి. క్యాలెండరు తీసి జనవరి, ఫిబ్రవరి నెలల్లో అష్టమి దగ్గరి మంగళవారం ఒకటి వెతకండి. దాని చుట్టూ గుండ్రంగా గీయండి. ముగ్గురు స్నేహితులకు ఫోన్ చేసి ఆ తేదీ చెప్పండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి నలుగురూ కాలువ గట్టు మీద కలవండి, ఆరు కిలోమీటర్లు నడవండి. ఒక్కరే వచ్చినా ఆ ఒక్కరితోనే మొదలుపెట్టండి.